ధాతువు ఎవరిది? నొట్టుస్వర సాహిత్యాలలో ఫిడేలు నృత్యపు వరుసల మూలాలు

ప్రస్తావన

ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) రచనలలో నొట్టుస్వర సాహిత్యాలది ఒక విలక్షణమైన స్థానం. నవావరణ కృతులు, నవగ్రహ కృతులు, క్షేత్ర కృతులు వంటి మహాసముదాయాల పక్కన ఇవి చిన్న పాటలుగా కనిపిస్తాయి. శంకరాభరణ మేళస్వరాలతో, గమకం లేని నడకతో, ఐరోపా వరుసలకు కట్టిన సంస్కృత స్తుతులివి. సంగీత పాఠశాలల్లో బాలబోధకు, కచేరీల చివర వినోదానికి మాత్రమే పనికివచ్చేవిగా వీటిని చూడటం పరిపాటి అయింది. సంగీత చరిత్రకారులు వీటి గురించి రాసినప్పుడు సాధారణంగా రెండు విషయాలు చెబుతారు. దీక్షితులు యౌవనంలో మద్రాసు సమీపంలోని మణలిలో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోటలోని బ్యాండు సంగీతం విని వీటిని రచించారన్నది ఒకటి. ఫలానా సాహిత్యానికి ఫలానా ఇంగ్లీషు పాట మూలం అన్న జాబితా రెండవది.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అవి పరస్పరం పొసగవు. జాబితాలోని కొన్ని వరుసలు మణలి కాలానికి సరిపోతాయి, కొన్ని సరిపోవు. అంతేకాక, దీక్షితుల జీవితాన్ని గురించి సంప్రదాయం చెప్పే మరో మాట మొదటి మాటకే అడ్డుపడుతుంది. స్కాట్లండు ఫిడేలు నృత్యపు వరుస అయిన ‘లార్డ్ మెక్డొనాల్డ్ రీల్’ను, దానికి కట్టినదిగా గుర్తించిన ‘జగదీశ గురుగుహ’ సాహిత్యాన్ని కేంద్రంగా తీసుకొని ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం, నొట్టుస్వరాల మూలనిర్ణయానికి ఎటువంటి ఆధారాలు చెల్లుతాయో, ఎటువంటివి చెల్లవో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. ఛందస్సు ఈ నిర్ణయంలో ఇంతవరకు తగినంతగా వినియోగపడని సాక్షి. తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్న ఆ సాధనాన్ని ఇక్కడ ప్రత్యేకంగా ఉపయోగించడం జరిగింది.

ఆధార గ్రంథాలు, వాటి పరిమితులు

‘నొట్టు’ అన్నది ఇంగ్లీషు ‘నోట్’ శబ్దానికి దక్షిణాది రూపం. నొట్టుస్వరమంటే పాశ్చాత్యుల స్వరక్రమం. ఆ స్వరానికి చేర్చిన మాటలు నొట్టుస్వర సాహిత్యం. పేరులోనే స్వరం ముందు, సాహిత్యం తరువాత అన్న క్రమం స్పష్టంగా ఉంది.

వీటికి ప్రధానమైన లిఖిత ఆధారాలు రెండు. తెలుగు భాషతో, తెలుగు లిపితో ముడిపడిన వ్యక్తుల ద్వారానే రెండూ మనకు అందాయి. మొదటిది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సేకరింపజేసిన ‘జతిస్వరాలు’ అనే వ్రాతప్రతి. ఇది 1833 నాటిది, అంటే దీక్షితులు జీవించి ఉండగానే సిద్ధమైనది. రెండవది సుబ్బరామ దీక్షితులు (1839–1906) తెలుగులో ప్రకటించిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’ (1905). ఇందులో 33 నొట్టుస్వర సాహిత్యాలు స్వరసహితంగా ఉన్నాయి. తరువాతి సంకలనాలు ఈ సంఖ్యను 39 వరకు పెంచాయి. అదనంగా చేరిన వాటికి పై రెండు ఆధారాల బలం లేదు కనుక, మూలచర్చలో వాటిని వేరుగా ఉంచడమే న్యాయం.

సుబ్బరామ దీక్షితులు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రులు, దత్తపుత్రులు. కనుక ఆయన పాఠానికి కుటుంబ సంప్రదాయ ప్రామాణ్యం ఉంది. కానీ 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గాక, మరుసటి ఏడు వెలువడిన ప్రారంభ పాఠాల పుస్తకంలో వీటికి చోటివ్వడం గమనించదగినది. ప్రతి స్వరానికీ గమక చిహ్నాలు వేసిన బృహద్గ్రంథం ఒకటి, గమకం అక్కరలేని పాఠాల పుస్తకం మరొకటి. నొట్టుస్వరాలు బాలపాఠాలన్న అభిప్రాయం స్థిరపడటంలో ఈ వర్గీకరణకూ భాగం ఉంది. వర్గీకరణ సంపాదకునిది. దానిని రచయిత ఉద్దేశంగా భావించనవసరం లేదు.

ఆంగ్ల వరుసల పేర్లు ఈ సాహిత్యాలకు కొంత వ్రాతప్రతుల ద్వారా, కొంత తరువాతి సంపాదకులు, పరిశోధకులు చేసిన గుర్తింపుల ద్వారా చేరాయి. ఒక వరుసకు ఎవరైనా ఒక పేరు రాసినప్పుడు, ఆ వరుస ఆ పేరుతో ఆ లేఖకునికి లేదా సంపాదకునికి తెలుసునని మాత్రమే అది రుజువు చేస్తుంది. దీక్షితుల చెవికి ఆ వరుస ఏ పేరుతో చేరిందో, అసలు పేరుతో చేరిందో లేదో దాని వలన తేలదు. ఫిడేలు వరుసల చరిత్రలో ఒకే వరుసకు నాలుగైదు పేర్లు, ఒకే పేరుకు రెండు మూడు వరుసలు ఉండటం సర్వసాధారణం. మన యక్షగానాలలో, హరికథలలో ‘ఫలానా పాట మట్టు’ అని రాసినప్పుడు, ఆ మట్టు ఆ పాటకు పుట్టినదో, అంతకు ముందే ఉన్నదో చెప్పలేకపోవడం వంటిదే ఇది.

మూలనిర్ణయానికి మూడు ప్రమాణాలు

ఒక సాహిత్యానికి ఒక వరుస మూలమని చెప్పడానికి మూడు ప్రమాణాలు అవసరం. మొదటిది బాహ్యసాక్ష్యం: వ్రాతప్రతిలోనో, సమకాలిక లేఖనంలోనో పేరు ఉండటం. రెండవది స్వరసాక్ష్యం: వరుస పుట్టే స్థానం, నిలిచే స్థానం, భాగాల పొడవు, పునరావృత్తి క్రమం ఒకటి కావడం. ఏవో నాలుగు స్వరాలు కలవడం ఇక్కడ చాలదు. పాశ్చాత్యుల మేజర్ స్కేలులో నడిచే నృత్యపు వరుసలలో చాలావరకు షడ్జ గాంధార పంచమాలను మెట్లుగా చేసుకొని తిరుగుతాయి. వాటిలో ఏ రెండింటినైనా పక్కన పెడితే కొంత పోలిక కనిపించక మానదు. మూడవది కాలసాక్ష్యం, మార్గసాక్ష్యం: ఆ వరుస ఆ కాలానికి పుట్టి ఉండటం, దక్షిణదేశానికి చేరే దారి ఉండటం.

జాతీయగీతపు వరుసకు కట్టిన ‘సంతతం పాహి మాం’ మూడు ప్రమాణాలకూ నిలుస్తుంది. ‘గాడ్ సేవ్ ది కింగ్’ 1745లో లండన్ నాటకశాలల్లో మోగి, ఆ ఏడే ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో అచ్చయింది. కంపెనీ సైన్యమున్న ప్రతిచోటా అది వినిపించేది. స్వరాల పోలికలో సందేహానికి తావు లేదు. ఇది కొలమానంగా ఉపయోగపడే ఉదాహరణ. మిగిలిన వాటిని దీనితో పోల్చి చూడవచ్చు.

లార్డ్ మెక్డొనాల్డ్ రీల్: వరుస చరిత్ర

రీల్ స్కాట్లండు, ఐర్లండులలో ప్రచారంలో ఉన్న వేగవంతమైన నృత్యం. దాని వరుస రెండు భాగాలుగా, ఒక్కొక్కటి రెండేసిసార్లు వాయించేట్లు ఉండటం సాధారణం. తాళపు ప్రతి ఆవృత్తంలో ఎనిమిది చిన్న స్వరాలు ఎడతెగకుండా పరుగెత్తుతాయి. ఈ పరుగు ఫిడేలు కమానుకు సహజం. ఐదవ స్వరం దూరంలో శ్రుతిచేసిన తంత్రుల మీద, వేళ్లు పెట్టని తంత్రిని మధ్యమధ్య మోగిస్తూ, ఒక తంత్రి నుంచి పక్క తంత్రికి దాటుతూ వాయించే పద్ధతి నుంచి రీల్ స్వరూపం ఏర్పడింది.

‘లార్డ్ మెక్డొనాల్డ్ రీల్’ను సంప్రదాయం స్కై ద్వీపంలోని స్లీట్ ప్రాంతపు భూస్వామి సర్ అలెగ్జాండర్ మెక్డొనాల్డ్‌కు ఆపాదిస్తుంది. ఆయన స్వయంగా వాయులీన వాదకుడు. 1773లో శామ్యూల్ జాన్సన్, జేమ్స్ బాస్వెల్ చేసిన హెబ్రిడీస్ యాత్రలో వారికి ఆతిథ్యమిచ్చినవాడూ ఆయనే. ఆయనకు బ్యారన్ హోదా లభించింది 1776లో, మరణించింది 1795లో. కనుక వరుస పేరులో ‘లార్డ్’ అన్న మాట 1776 తరువాతే చేరగలదు. ఇది పేరుకు పూర్వావధి మాత్రమే, వరుసకు కాదు. పేరు చేరకముందే వరుస ఉండి ఉండవచ్చు. ఆశ్రయదాత పేరుమీద ఒక పాత వరుసను పిలవడం ఆ దేశపు వాద్యకారులలోనూ ఆచారమే. ఆపాదనను నమ్మినా, నమ్మకపోయినా, ఈ పేరుతో ఈ వరుస 18వ శతాబ్ది చివరి పాదానికి చెందుతుంది. మద్రాసులోని కంపెనీ కొలువులో స్కాట్లండువారి సంఖ్యాబలం తెలిసినదే కనుక, వరుస ప్రయాణానికి దారి కూడా సిద్ధంగా ఉంది.

ఈ వరుస ఒక్కచోట ఆగలేదు. ఐర్లండు ఫిడేలు సంప్రదాయంలో స్థిరపడింది. స్లైగో ప్రాంతపు వాదకుడు మైకేల్ కోల్‌మన్ (1891–1945) 1920లలో న్యూయార్కులో ఇచ్చిన గ్రామఫోను రికార్డు దానికి కొత్త ప్రాచుర్యం తెచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల గ్రామీణ ఫిడేలు వాదనలో ఇదే వరుస ‘లెదర్ బ్రిచెస్’ అన్న పేరుతో వేరే కమాను నడకను సంతరించుకొంది. అయినా ఈ శాఖలన్నింటిలోనూ అది నృత్యపు వరుసగానే మిగిలింది. నాలుగవ శాఖ అయిన ‘జగదీశ గురుగుహ’లో మాత్రమే అది నృత్యాన్ని విడిచి స్తుతిగీతమైంది. ఒక స్కాటిష్ రీల్ చరిత్ర రాయదలచినవారు చూడవలసిన సాక్ష్యాలలో తెలుగు లిపిలో అచ్చయిన స్వరపాఠం ఒకటి అని ఆ వరుసల చరిత్రకారులు ఇంకా తగినంతగా గుర్తించలేదు. నొట్టుస్వరాల పరిశోధకులు కూడా ఈ వరుసను ‘ఇంగ్లీషు పాట’ అని పిలిచి ఊరుకోవడం వల్ల, ఇది పాట కాదు, మాటలు లేని నృత్యపు వరుస అన్న ముఖ్యమైన భేదం మరుగున పడింది.

ఈ భేదం మార్గనిర్ణయానికి అవసరం. ‘గాడ్ సేవ్ ది కింగ్’, ‘బ్రిటిష్ గ్రెనేడియర్స్’ సైనిక వాద్యబృందాల సొత్తు. కోట బయట నిలబడినా వినిపించేవి. రీల్ ప్రధానంగా విందుశాలలోని ఫిడేలుది. బ్యాండువారు కూడా నృత్యాలకు వాయించేవారు కనుక ఈ విభజన కచ్చితమైన గోడ కాదు. అయినా రీల్ వంటి వరుస దీక్షితుల ఇంటికి చేరడానికి కోట బ్యాండు కంటే దగ్గరి దారి ఒకటి ఉంది. బాలుస్వామి దీక్షితులు (1786–1858) మణలి ముదలియారు ఏర్పాటుచేసిన ఐరోపా వాదకుని వద్ద ఫిడేలు అభ్యసించి, ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచారని కుటుంబ సంప్రదాయం చెబుతుంది. పాశ్చాత్య వాదకుడు శిష్యునికి నేర్పే తొలి పాఠాలలో నృత్యపు వరుసలు ఉండటం సహజం. అన్న విన్నది తమ్ముని అభ్యాసాన్నే అయితే, బ్యాండు కథను ప్రధాన కారణంగా చెప్పనక్కరలేదు. తెలుగువారు ఆ వాద్యాన్ని చాలాకాలం ‘ఫిడేలు’ అనే పిలిచారు. కచేరీ శాలల పేరైన ‘వయొలిన్’ కంటే నృత్యశాలల పేరైన ‘ఫిడిల్’ మన భాషలో ముందుగా పాతుకుపోవడం ఈ మార్గానికి ఒక చిన్న భాషాసాక్ష్యం.

కాలక్రమానికి లొంగని వరుసలు

మెక్డొనాల్డ్ రీల్ మణలి కాలానికి సరిపోతుంది. కానీ ‘కమలాసన వందిత’ సాహిత్యానికి మూలంగా చెప్పే ‘గాలపేడ్’ విషయంలో చిక్కు ఉంది. గాలప్, గాలపేడ్ అనే నృత్యం మధ్య ఐరోపా నుంచి ఇంగ్లండుకు చేరి ప్రచారం పొందినది 1820ల చివరలో. ఆ పేరు అంతకు ముందు మద్రాసులో వినిపించే అవకాశం లేదు. ‘వరశివబాలం’ సాహిత్యానికి మూలంగా చెప్పే ‘కాస్టిలియన్ మెయిడ్’ కూడా ఇటువంటిదే. థామస్ మూర్ ఆ పేరుతో ఒక పాటను చేర్చిన ‘నేషనల్ ఎయిర్స్’ సంపుటాలు 1818లో మొదలయ్యాయి. మణలి కాలమంటే 18వ శతాబ్ది చివరి దశకం. దానికీ ఈ పేర్లకూ మధ్య దాదాపు మూడు దశాబ్దాల దూరం ఉంది.

దీనికి రెండు సమాధానాలు సాధ్యం. పేర్లు కొత్తవి, వరుసలు పాతవి అన్నది మొదటిది. మూర్ తన పాటలను ముందే ప్రచారంలో ఉన్న వివిధ దేశాల వరుసలకు కట్టానని చెప్పుకొన్నవాడు. గాలపేడ్ అనే గ్రామనృత్యపు వరుస కూడా అంతకు ముందు వేరే పేరుతో ఉండి, కొత్త నృత్యానికి ఒదిగి, దాని పేరు తెచ్చుకొని ఉండవచ్చు. రెండవ సమాధానం, సాహిత్యాలన్నీ మణలిలో కట్టినవి కావన్నది. 1833 వ్రాతప్రతిలో ఉన్నవాటికి ఆ సంవత్సరమూ, మిగిలినవాటికి దీక్షితులు మరణించిన 1835 సంవత్సరమూ ఉత్తరావధులు. అంతవరకు కొత్త వరుసలు వచ్చి చేరడానికి అవకాశం ఉంది. రెండవ శరభోజి (1798–1832) కాలపు తంజావూరు ఆస్థానంలో పాశ్చాత్య సంగీతానికి ఆదరణ ఉండేది. ఫిడేలు చేతబట్టిన తమ్ముడు జీవితాంతం అదే వాద్యంతో ఉన్నాడు. విదేశీ వరుసలు వినడానికి దీక్షితులకు మణలి ఒక్కటే చోటు కాదు.

మొదటి సమాధానం అసాధ్యం కాదు. కానీ రెండవ సమాధానానికి సాహిత్యాలలోనే బలమైన ఆధారం దొరుకుతుంది. సంప్రదాయం ప్రకారం దీక్షితుల తొలి కృతి, కాశీవాసం తరువాత తిరుత్తణిలో కుమారస్వామి అనుగ్రహంతో వెలువడిన ‘శ్రీనాథాది గురుగుహో’. ‘గురుగుహ’ ముద్రకు మూలం కూడా ఆ అనుభవమే. నొట్టుస్వరాలు కాశీయాత్రకు ముందే మణలిలో పుట్టాయంటే తిరుత్తణి కృతి తొలికృతి కాజాలదు. తిరుత్తణి కృతి తొలికృతి అయితే ‘జగదీశ గురుగుహ’ మణలి బాల్యరచన కాజాలదు, ఎందుకంటే ముద్ర దాని పేరులోనే ఉంది. రెండు సంప్రదాయ కథనాలను ఒకేసారి అంగీకరించడం కుదరదు. ఇన్నాళ్లూ రెండింటినీ వేర్వేరు అధ్యాయాలలో చెప్పడం వల్ల వైరుధ్యం కనిపించలేదు.

క్షేత్రసాక్ష్యం కూడా ఇటే మొగ్గుతుంది. నొట్టుస్వరాలు కంచి ఏకామ్రనాథుని, తిరువారూరు త్యాగరాజును, చిదంబర చిత్సభానాథుని, మధుర మీనాక్షిని స్తుతిస్తాయి. ఇది దీక్షితుల పరిణత జీవితపు క్షేత్రసంచార పటమే. వెళ్లని క్షేత్రాన్ని స్తుతించరాదన్న నియమమేమీ లేదు కనుక ఇది ఒంటరిగా రుజువు కాదు. ముద్రతో కలిసినప్పుడు బలపడుతుంది.

ఇక్కడ చేయవలసిన విభజన ఒకటి ఉంది: వరుసను విన్న కాలం వేరు, సాహిత్యం కట్టిన కాలం వేరు. మణలి వినికిడికి చోటు కావచ్చు. రచనకు కానవసరం లేదు. చిన్ననాట చెవినబడిన రీల్, ఏళ్ల తరువాత, ఉపాసనలో పండిన వయస్సులో, స్తుతిగా రూపం దాల్చి ఉండవచ్చు. ఈ విభజన ఒప్పుకొంటే రెండు సంప్రదాయ కథనాలూ నిలుస్తాయి. ఒప్పుకోకపోతే ఏదో ఒకటి విడిచిపెట్టవలసి వస్తుంది.

మూలచర్చను మరింత జటిలం చేసేది ‘పీతవర్ణం భజే’. దీని మూలంగా చెప్పే ‘తాజా బ తాజా’ ఐరోపా వరుసే కాదు. హాఫిజుకు ఆపాదించే పారసీక గజలుతో ముడిపడిన ఆ పాట ఉత్తర హిందూస్థానంలో గాయనీమణుల నోట వినబడి, అక్కడి ఇంగ్లీషువారికి ప్రీతిపాత్రమైంది. విలియం హామిల్టన్ బర్డ్ 1789లో కలకత్తాలో అచ్చువేసిన ‘ఓరియంటల్ మిసెలనీ’ వంటి సంకలనాలు ఆ కాలపు రుచికి నిదర్శనాలు. హిందూస్థానంలో పుట్టి, ఇంగ్లీషువారి వాద్యాలకెక్కి, ‘నొట్టు’గా దక్షిణానికి దిగిన వరుస అది. ‘ఐరోపా వరుసలు’ అన్న ఒక్క శీర్షిక కింద అన్నింటినీ చేర్చడం ఎంత అజాగ్రత్తో ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది.

ఛందస్సు చెప్పే సాక్ష్యం

పరాయి వరుసకు మాటలు కట్టిన కవి ఆ వరుసను ఎలా విన్నాడో అతని గురులఘువులే చెబుతాయి. ‘సంతతం పాహి మాం’ అన్న ఆరు అక్షరాలు రెండు రగణాలు. జాతీయగీతపు మొదటి పాదంలో కూడా ఆరు స్వరాలే. మొదటి మూడు సమాన కాలం గలవి. తరువాతి మూడింటిలో మొదటిది ఒకటిన్నర కాలం, రెండవది అర కాలం, మూడవది ఒక కాలం. ఈ రెండవ గుంపు మీద ‘పాహి మాం’ అన్న రగణం పడుతుంది. దీర్ఘస్వరానికి గురువు, అర స్వరానికి లఘువు, నిలిచే స్వరానికి గురువు. మొదటి గుంపు మీద ఉన్న ‘సంతతం’ నడిమి లఘువు వల్ల అంత బిగువుగా కుదరదు. కానీ ఆ వెంటనే అదే లయ తిరిగివచ్చినప్పుడు దీక్షితులు సమానస్వరాల మీద మూడు గురువులను, అసమానస్వరాల మీద మళ్లీ రగణాన్ని నిలిపారు. రెండవసారికి అమరిక పూర్తిగా సరిపోయింది. ఇది యాదృచ్ఛికం కాదు. వరుసలోని కాలభేదాన్ని గణభేదంగా విన్న చెవి ఇది.

‘జగదీశ గురుగుహ’ నడక దీనికి పూర్తిగా భిన్నం. ఎనిమిది అక్షరాలలో ఏడు లఘువులు. ఒక్క గురువు ‘దీ’ మాత్రమే. ‘సంతతం పాహి మాం’ ఆరింటిలో నాలుగు గురువులు ఉన్నాయి. నిలిచి నిలిచి సాగే గీతానికి గురుప్రధానమైన మాట, ఆగకుండా పరుగెత్తే రీల్‌కు లఘుప్రధానమైన మాట. ‘గురుగుహ’ అన్న ముద్ర నాలుగు లఘువుల సముదాయం కావడం ఇక్కడ కవికి కలిసివచ్చింది. ఇతర కృతులలో మంద్రగతిలో సాగే అదే ముద్ర ఇక్కడ కమాను విదిలింపులా వినిపిస్తుంది. రీల్ గుర్తింపునకు స్వరసాక్ష్యంతోపాటు ఇది స్వతంత్రమైన బలం. సాహిత్యం నృత్యవేగాన్ని ఎరిగి కట్టినది. నెమ్మదిగా పాడే ఏదో గీతాన్ని విని కట్టినది కాదు.

‘కమలాసన వందిత’ మరో గణాన్ని ఎంచుకొంది. ‘కమలా’, ‘సనవం’ అని విడదీస్తే వరుసగా రెండు సగణాలు. మూడవదానికి ముందడుగు కూడా పడింది. సగణం నాలుగు మాత్రలది. రెండు లఘువులు ఎగిరి గురువు మీద దిగుతాయి. తోటక వృత్తానికి ఆధారమైన ఈ నడక చతురశ్రగతిలోని దుముకు నృత్యానికి అతికినట్లు సరిపోతుంది. గాలపేడ్ అన్న పేరు తరువాత చేరినదే అయినా, ఆ వరుస దీక్షితుల చెవికి దుముకుగానే చేరిందని ఈ గణరచన సూచిస్తుంది. పేరు విషయంలో సందేహం మిగిలినా, వరుస స్వభావం విషయంలో మిగలదు.

ఈ పద్ధతికి పరిమితి ఉంది. గణాలు లయను చూపగలవు, స్వరాలను చూపలేవు. రెండు రీల్‌లలో ఏది మూలమో ఛందస్సు చెప్పలేదు. అది స్వరసాక్ష్యం చేయవలసిన పని. కానీ గీతమా, కవాతా, నృత్యమా అన్న ప్రశ్నకు ఛందస్సు చెప్పే జవాబు, వందేళ్ల తరువాతి సంపాదకుడు చేర్చిన పేరు కంటే నమ్మదగినది. ఎందుకంటే అది రచయిత చేతిలోనిది.

కుట్టికారుడా, వాగ్గేయకారుడా?

ధాతువు అంటే గేయం, మాతువు అంటే వాక్కు. రెండింటినీ కల్పించగలవాడు వాగ్గేయకారుడని శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో నిర్వచించాడు. అన్యుల ధాతువుకు మాతువు కట్టేవానిని కుట్టికారుడన్నాడు; అతనికి ఉత్తమ స్థానం ఇవ్వలేదు. శాస్త్రాన్ని అక్షరాలా అన్వయిస్తే నొట్టుస్వరాలలో దీక్షితులు కుట్టికారులే. ఈ సాహిత్యాలను వినోదాలుగా, బాల్యరచనలుగా తేల్చి చెప్పడం వెనుక ఈ అసౌకర్యం ఉండి ఉండవచ్చు. బాల్యరచన అంటే వాగ్గేయకార గౌరవానికి భంగం రాదు.

త్యాగరాజుతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ‘రమించువారెవరురా’, ‘వరలీల గానలోల’ వంటి కృతులలో పాశ్చాత్య సంగీతపు ఛాయ ఉన్నదని విమర్శకులు అంటారు. అక్కడ ఛాయ మాత్రమే, ధాతువు త్యాగరాజుదే. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ ‘రఘువంశ సుధాంబుధి’లో కదనకుతూహల రాగాన్ని పాశ్చాత్యపు మెట్ల నడకతో తీర్చినప్పుడు కూడా పద్ధతి అదే. దీక్షితులు అలా చేయలేదు. పరాయి వరుసను పరాయిదిగానే ఉంచారు. గమకం చేర్చి శంకరాభరణంగా మార్చగల శక్తి ఉండీ మార్చలేదు. హిందూస్థానీ బాణీలను ద్వైజావంతి, యమునాకల్యాణి కృతులలో తనవిగా చేసుకొన్న వ్యక్తి, నొట్టులను మాత్రం యథాతథంగా వదిలారు. ఇది అశక్తత కాదు, నిర్ణయం.

ఆ నిర్ణయం తరువాత ఆయన చేతిలో మిగిలింది మాతువు ఒక్కటే. ఆ మాతువు ధాతువును ఎలా మార్చిందో గణపరిశీలన చూపింది. రీల్‌లో సమానంగా పరుగెత్తే స్వరాల మధ్య ‘దీ’ అన్న ఒక్క గురువు పడినచోట వరుసకు ఫిడేలు మీద లేని ఒక నిలకడ వస్తుంది. నర్తకుని పాదం కోసం పుట్టిన ఊనిక దేవతానామం మీదికి మారుతుంది. స్వరం ఒక్కటి కూడా మారకుండా వరుస అర్థం మారింది. అన్యధాతువుతో ఇంత పని చేయగల మాతుకారుడు శాస్త్రకారుని వర్గీకరణకు లోబడడు. రత్నాకరం చెప్పిన కుట్టికారుడు ధాతువు కొరత వల్ల అరువు తెచ్చుకొనేవాడు. దీక్షితులకు ఆ కొరత లేదన్నది తెలిసిన విషయమే.

ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు నాలుగు. నొట్టుస్వరాలకు చేర్చిన ఆంగ్లనామాలు వరుసల పేర్లకు సాక్ష్యాలే గాని, సాహిత్యాల రచనాకాలానికి సాక్ష్యాలు కావు. ‘జగదీశ గురుగుహ’కు మెక్డొనాల్డ్ రీల్ మూలమన్న గుర్తింపు కాలానికీ, మార్గానికీ, గణరచనకూ పొసగుతుంది. అయితే అది చేరిన దారి కోట బ్యాండు కంటే బాలుస్వామి దీక్షితుల ఫిడేలు కావడానికే అవకాశం ఎక్కువ. నొట్టుస్వరాలన్నీ మణలి నాటి బాల్యరచనలన్న అభిప్రాయం ‘గురుగుహ’ ముద్ర ఎదుట నిలవదు. వినికిడి కాలాన్నీ రచనాకాలాన్నీ వేరుచేయవలసి ఉంటుంది. ఇవి చిన్నపిల్లల పాఠాలన్న వర్గీకరణ 1905 నాటి సంపాదకునిది, రచయితది కాదు.

చేయవలసిన పని మిగిలే ఉంది. బ్రౌన్ ప్రతినీ, ‘ప్రథమాభ్యాస పుస్తకము’నూ పాఠాంతరాలతో పక్కపక్కన ముద్రించి, ప్రతి సాహిత్యానికీ గణవిభజన చేసి, 18వ శతాబ్ది స్కాటిష్, ఐరిష్ ముద్రిత వరుసలతో స్వరానికి స్వరం పోల్చిన సవిమర్శక ప్రతి కావాలి. ఆ పని సంగీతశాఖలు ఒంటరిగా చేయలేవు. తాళపత్ర పఠనం, గ్రంథపరిష్కరణ, ఛందఃపరిజ్ఞానం తెలుగు శాఖల సొత్తు. బ్రౌన్ నిఘంటువునూ, వేమన పద్యాల పరిష్కరణనూ తమ చరిత్రలో భాగంగా చెప్పుకొనే శాఖలు, ఆయన దాచి ఇచ్చిన ఈ ఫిడేలు వరుసల ప్రతిని ఇతరుల విషయంగా వదిలిపెట్టడానికి కారణం కనబడదు.